రాగికోట చిల్లర భూతం

పొద్దు పొడిచేవేళ రాగికోటను చూస్తే, దేవతలు తమ వంటపాత్రలన్నీ చింతపండుతో తోమి కొండమీద బోర్లించారా అనిపిస్తుంది. బురుజు బురుజుకూ ఎర్రని జిగి, కొమ్ము కొమ్ముకూ నెమలికంఠపు నీలిచాయ. అగడ్తలో తామరలకు బదులు రాగిరేకుల పూలు గాలికి గలగలలాడుతుంటాయి. అంతటి సోయగాన్ని తలెత్తి చూసి, మేఘగిరి యువరాజు చండకేతుడు కాండ్రించి నేలమీద ఉమ్మాడు.

ఉమ్మక ఏం చేస్తాడు? చెల్లెలు సౌగంధిని ఎత్తుకుపోయిన పిశంగ మాంత్రికుడు ఆ కోటలోనే ఉన్నాడు. ఆమెను విడిపించడానికి వెంటవచ్చిన సైన్యం, పిడిగుద్దుతో ఏనుగు కుంభస్థలం పగలగొట్టగల వీరుల సైన్యం, కోట వాకిట ఒక గోతాంలో రాగికాసులై పడి ఉంది. పోనీ, యుద్ధంలో పోయారా అంటే అదీ కాదు. చిల్లర తీసుకోబోయి పోయారు.

ఆ వాకిట ఒక లోహభూతం కూర్చుని ఉంటుంది. గుమ్మటమంత బొజ్జ, బొజ్జకు అడ్డంగా నాణెం పట్టే చీలిక, తక్కెడ పళ్ళేల్లాంటి చెవులు. చుట్టుపక్కల జనం దాన్ని చిల్లర భూతం అంటారు. లోపలికి పోవాలంటే సుంకం కట్టాలి. కట్టినదానిలో మిగిలింది అది అరచేతిలో పోస్తుంది. తప్పు చిల్లర పుచ్చుకుని పిడికిలి మూసినవాడు అక్కడికక్కడే కాసైపోతాడు. అప్పుడప్పుడు అది సరిగ్గానే ఇస్తుంది. అప్పుడు తప్పని వాదించినవాడూ కాసే. దాని తప్పును ఎవడైనా సరిగ్గా పట్టిన రోజున భూతమే పగులుతుందని జనం మాట. మేఘగిరి వీరులు ఒకరి వెనక ఒకరు చేతులు చాచారు, ఒకరి వెనక ఒకరు గోతాంలో పడ్డారు.

చండకేతుడు మిగిలింది తెలివివల్ల కాదు, పొగరువల్ల. వరహా ఒకటి భూతం ముఖాన విసిరికొట్టి, మిగతాది నువ్వే ఉంచుకోమన్నాడు. చెయ్యి చాచడం అతని వంశంలోనే లేదు. చెయ్యి చాచనివాడికి తలుపు తెరుచుకోదని భూతం ఆవులించింది.

కొండ దిగువన ఆవంపాడు అనే కుమ్మరిపల్లె ఉంది. అతడు దాహానికి ఆగిన ఇంటి ఇల్లాలు ఓబుళమ్మ. ఆమె మగడు కుండలు అమ్ముకోవడానికి కోటకు పోయి ఆ గోతాంలోనే కలిశాడు. సారె తిప్పుతూనే ఆమె అసలు సంగతి చెప్పింది. ఆ భూతం కోసం పిశంగుడు తపస్సు చేసినప్పుడు, అది ఎంతిచ్చినా చూసేవాళ్ళ కంటికి సరిపోయినట్టే కనిపించాలని వరం కోరాడట. దేవతల కంటికీ, దానవుల కంటికీ, మగవాళ్ళకీ, ఆడవాళ్ళకీ. పిల్లల సంగతేమిటని క్షుద్రదేవత అడిగితే పకపకా నవ్వాడట. ముక్కు తుడుచుకోవడం రానివాళ్ళకు కూడా మంత్రం ఖర్చుపెట్టాలా అన్నాడట.

"అయితే ఒక పిల్లవాణ్ణి తీసుకుపోతే సరి," అన్నాడు చండకేతుడు.

"తీసుకపో. వాడు చూస్తాడు. చూసి ఏం చెప్తాడు? మా పిల్లకాయలకు లెక్క ఎవరు నేర్పినారు?"

నిజమే. కోట నీడపడే పల్లెల్లో పిల్లల చేతికి కాసు తగలకూడదని పిశంగుడి శాసనం. బడి ఉంటుంది, బడిలో ఎక్కాలు మాత్రం వల్లిస్తారు. వెనకటి అయ్యవారు గవ్వలతో చిల్లర లెక్క మొదలుపెట్టాడని తెలిసి అతణ్ణి గబ్బిలం చేసి బడి దూలానికే తగిలించారు. కాబట్టి ఆ ఉద్యోగం ఖాళీగా ఉంది.

ఆ విధంగా, మూడు మదపుటేనుగులను లొంగదీసిన మేఘగిరి యువరాజు నామం పెట్టి, పాత ఉత్తరీయం కప్పి, బెత్తం చంకన పెట్టుకుని ఆవంపాడు బడికి పంతులయ్యాడు. అద్దంలో చూసుకుని తనను తానే అసహ్యించుకున్నాడు.

పిల్లలను చూశాక ఆ అసహ్యం ఇంకాస్త పెరిగింది. మట్టి పూసుకున్న మోకాళ్ళు, కారే ముక్కులు, ఒకరి జుట్టు ఒకరు పీకే చేతులు. వీళ్ళా నా సైన్యాన్ని విడిపించేది అనుకున్నాడు. ఎక్కం చెప్పమంటే మాత్రం వానాకాలపు కప్పల్లా గొంతు చించుకుని చెప్పారు. ఏడేళ్ళు నలభైతొమ్మిది దగ్గర దూలంమీది గబ్బిలం కూడా గొంతు కలిపింది. ఫరవాలేదే అనుకుని అతడు ఒక లెక్క ఇచ్చాడు. రూకకు పది కాసులు. ఒక రూక ఇచ్చి ఏడు కాసుల బెల్లం కొంటే తిరిగి వచ్చేది ఎంత?

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి బుడ్డయ్య అనే బొద్దు పిల్లవాడు చెయ్యెత్తి, బెల్లం ఎంత వస్తుందని అడిగాడు.

చండకేతుడికి ఒళ్ళు మండింది. గాడిదలన్నాడు, గంగిరెద్దులన్నాడు, మీకంటే కుండపెంకులు నయమన్నాడు. బెత్తం బల్లమీద విరిగింది. అప్పుడు ఓబుళమ్మ కూతురు నాంచారి, ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల, అతణ్ణి పైనుంచి కిందికి ఎగాదిగా చూసింది. ఆ చూపులో భయం మచ్చుకైనా లేదు; చేతకాని పనివాణ్ణి చూసే చూపు అది.

"కాసంటే ఎట్టుంటాదో మేం చూడనే లేదు గదా అయ్యోరూ. చూడని దాన్ని ఎట్టా లెక్కపెడతాం?"

చండకేతుడు లేచాడు. బడి పక్కనే ఉన్న ఓబుళమ్మ పెరట్లోకి పోయి, గడ్డివాములో దాచిన కవచం బయటికి లాగాడు. దాని మీది వెండిబొడిపెలు తాతతండ్రుల నాటివి, ఒక్కొక్కటి ఒక్కొక్క యుద్ధానికి గుర్తు. వాటిని బాకుమొనతో ఊడబెరికాడు. అవి రూకలు. కింది వరసలోని రాగిమేకులు కాసులు. చెవిపోగు వరహా. పది రూకలకు ఒక వరహా. బోడిగా మిగిలిన కవచం వైపు మళ్ళీ చూడకుండా అన్నీ తెచ్చి చాపమీద గుమ్మరించాడు.

పిల్లలు వాటిని ఎత్తి చూశారు, కొరికి చూశారు, వాసన చూశారు. పది రాగివి పెట్టి ఒక వెండిది తీసుకోవడం, వెండిది ఇచ్చి పది రాగివి తెచ్చుకోవడం వాళ్ళకు ఆటయింది. తర్వాత బడిలోనే అంగడి వెలిసింది. చింతగింజలు, పెంకుముక్కలు, నిజమైన బెల్లం. అంగడివాడు సాక్షాత్తూ యువరాజు. ఎవరికీ చెప్పలేని చిక్కు ఏమిటంటే, అంగడివాడికి లెక్క రాదు. చిన్నప్పుడు అంతఃపురంలో ఆచార్యుడు తీసివేతలు చెప్పేవాడు. రాజకుమారుణ్ణి కొట్టకూడదు కనుక, తప్పుచేసిన ప్రతిసారీ పక్కన కూర్చోబెట్టిన దాసి కొడుకును కొట్టేవాడు. పక్కవాడి వీపు మండితే విద్య ఎలా వస్తుంది? లెక్కలు కరణాల పని అని కొట్టిపారేసి చండకేతుడు కత్తి పట్టాడు.

ఇప్పుడు పదిలోంచి ఏడు తీసేయడానికి వేళ్ళు ముడుస్తున్న అతణ్ణి నాంచారి ఓపికగా చూసేది కాదు. చేతిలోని మేకులు లాక్కునేది. బెల్లం ఏడు కాసులు కదా అని ఏడు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క మేకే కింద పెడుతూ ఎనిమిది, తొమ్మిది, పది అనేది. పెట్టినవి మూడు. అంతే చిల్లర. ఇది తీసివేత కాదని చండకేతుడు అభ్యంతరం చెప్పాడు. పైవరస నుంచి అప్పు తేవాలని, అది శాస్త్రమని అన్నాడు. ఇంట్లోనే పది ఉండగా అప్పెందుకని నాంచారి అడిగింది. అతడు శాస్త్రాన్ని మనసులోనే తిట్టుకున్నాడు.

ఆ తర్వాత అతడు కావాలని మోసం చేయడం మొదలుపెట్టాడు. ఒక కాసు తగ్గించేవాడు, ఒక్కోసారి రూకే మింగేసేవాడు. పట్టుకున్న పిల్లకు అయ్యవారి నెత్తిన ఒక మొట్టికాయ వేసే హక్కు. కిరీటం పెట్టుకోవలసిన తల పనసకాయలా బొడిపెలు కట్టింది. పిల్లలంతా వారంలోగా లెక్కలు నేర్చారంటే దానికి కారణం సరస్వతీ కటాక్షం అనుకుంటే పొరపాటు. ఒక పెద్దమనిషిని మొట్టే అవకాశం దొరికితే ఏ పిల్లవాడైనా పండితుడవుతాడు.

అంతలో ఒక మధ్యాహ్నం తనిఖీ వచ్చిపడింది.

కోటలోంచి వచ్చిన తనిఖీదారు పేరు కాకముఖుడు. మెడదాకా మనిషి, పైన కాకి. జరీ తలపాగా, భుజాన మడిచిన నల్లని రెక్కలు, ముక్కు చివర నశ్యం. నాణేలు దాచడానికి చోటులేక పిల్లలు తలా కొన్ని నోట్లో వేసుకుని బుగ్గలు ఉబ్బించి కూర్చున్నారు. పదమూడో ఎక్కం చెప్పమని కాకముఖుడు ఆజ్ఞాపించాడు. ఎవరూ నోరు తెరవలేదు.

"ఇది కొత్త పద్ధతి. లోలోపలే వల్లిస్తారు," అన్నాడు చండకేతుడు.

కాకముఖుడికి అటువంటి పద్ధతి ఒకటుందని తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకంటే తెలియదు. అది కోటలో ఎప్పుడో వచ్చిందని, అయితే ఇక్కడ ఇంకా శ్రద్ధగా చేయాలని చెప్పి, కళ్ళు మూసుకుని ఆ మౌనాన్ని కాసేపు ఆస్వాదించాడు కూడా. ఒక చోట తప్పు దొర్లిందని మందలించాడు. ఇటువంటి శుంఠకు భయపడి ఊళ్ళకు ఊళ్ళు వణుకుతున్నాయా అని చండకేతుడికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆ నవ్వు అతనికంటే ముందే బుడ్డయ్య నవ్వాడు. నోట్లోంచి రాగిమేకు ఒకటి జారి నేలమీద ఖంగుమంది.

కాకి కన్ను మెరుపును వదులుతుందా? కాకముఖుడు మేకుమీదికి దూకాడు. చండకేతుడు వాడి మెడమీదికి దూకాడు. తలపాగా ఒకవైపు, నశ్యం ఒకవైపు. రెక్కలు విప్పిన విసురుకు బడి కప్పు లేచిపోయింది. దూలంమీది గబ్బిలం ఎక్కం చదువుతూ ఎగిరిపోయింది. తనిఖీదారు వాకిట్లోకి పొర్లి గాల్లోకి లేచాడు. అప్పుడే తన వాకిట సారెమీద బాన ఒకటి సగం లేపుతున్న ఓబుళమ్మ, ఆ తడిమట్టి ముద్ద మొత్తం ఎత్తి గురిచూసి విసిరింది. రెండు రెక్కలూ ఒకదానికొకటి అంటుకుని కాకముఖుడు బొగ్గుల గుంటలో దబ్బున పడ్డాడు. చండకేతుడు వాణ్ణి పలుపుతాళ్ళతో చుట్టి కుండలు కాల్చే ఆవం పక్కన కూలేశాడు. అయితే ఊడిన ఈక ఒకటి గాలితో పనిలేకుండా తనంతట తానే కోటవైపు సాగిపోయింది.

పిశంగుడికి కబురు అందేలోగా వాకిలి దాటాలి. చండకేతుడు గుర్రానికి జీను వేసి, నాంచారిని ఎక్కించబోయాడు. ఓబుళమ్మ కళ్ళెం పట్టుకుంది.

"ఎవరి చెయ్యి చాపేది?"

పిల్లదే కదా, లెక్క దానికే వచ్చు కదా అన్నాడు చండకేతుడు. అంతవరకు అతడికి ఆ మాటలో తప్పేమీ తోచలేదు.

"లెక్క అది చెప్తాది. చెయ్యి నువ్వు చాపు దొరా. నువ్వు పంతులువి కాదని నీ నడక చూసినప్పుడే అనుకున్నా. నా మొగుడు అందులో ఉండాడు కాబట్టి బిడ్డను పంపిస్తున్నా. అది తప్పితే పొయ్యేది నువ్వు కావాల."

ఒక కుమ్మరి ఇల్లాలు తనకు ఇట్లా షరతు పెట్టడం చండకేతుడి జన్మలో అదే మొదలు. అతడు ఆమెవంక కోపంగా చూశాడు. ఆమె కళ్ళెం వదల్లేదు. సరేనని గుర్రమెక్కాడు.

గుర్రం కొండదారిని గుటకలా మింగింది. దారిలో రాగిచెట్లు కొమ్మలు వంచి కొరడాల్లా కొట్టాయి. వంతెనకింద అగడ్త బుసకొట్టి, పూలరేకులు చక్రాల్లా తిరుగుతూ పైకి లేచాయి. ఒకటి చండకేతుడి భుజం చీరింది, ఒకటి గుర్రం తోకలో పిడికెడు వెంట్రుకలు పట్టుకుపోయింది. ముందు కూర్చున్న నాంచారి మూటను పొట్టకు కరుచుకుని, కవచం బొడిపెలు ఒక్కటైనా జారకుండా కాపాడింది.

భూతం కళ్ళు తెరిచి వాళ్ళను చూసింది. "చెయ్యి చాచని దొరగారా? ఈ ముక్కుకారేది ఎవరు?"

పనిపిల్ల అన్నాడు చండకేతుడు. భూతం మళ్ళీ ఆమెవైపు చూడలేదు. మనిషికి రెండు రూకల ఏడు కాసులు, గుర్రానికి మూడు రూకల ఎనిమిది కాసులు అని గొణిగింది. చండకేతుడు మిగిలిన ఒక్క బంగారు వరహా చీలికలో వేసి, జీవితంలో మొదటిసారి అరచెయ్యి చాచాడు. చిల్లర గలగలా వచ్చి పడింది.

నాంచారి కింద చతికిలబడి మూట విప్పింది. ఒక మనిషికి రెండు వెండివి, ఏడు రాగివి. ఇంకో మనిషికి అన్నే. గుర్రానికి మూడు వెండివి, ఎనిమిది రాగివి. రాగివన్నీ ఒకచోటికి తోసి, పదీ పదీ విడదీసి వాటికి బదులు రెండు వెండివి పెట్టింది. మొత్తం తొమ్మిది వెండి, రెండు రాగి. రెండు దగ్గర మొదలుపెట్టి పదిదాకా మేకులు పేర్చింది. ఎనిమిది పట్టాయి.

చండకేతుడూ లోలోపల తంటాలు పడి ఎనిమిదికే చేరాడు. చేతిలోకి చూశాడు. ఎనిమిది కాసులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. హమ్మయ్య అనుకుని వేళ్ళు ముడవబోయాడు.

నాంచారి లేచి వచ్చి, అతని అరచేతిని తన ఎత్తుకు దించి, ఒక్కొక్క కాసునూ వేలితో తాకింది. ఆమె ముఖం మారింది. "ముయ్యబాక అయ్యోరూ. ఒకటి ఎక్కువొచ్చింది."

ఎక్కువా? బడిలో అతడు ఎన్నో మోసాలు చేశాడు కాని, ఎక్కువ ఇచ్చి మోసం చేయాలని అతనికి తోచనే లేదు. ఏ అంగడివాడు ఎక్కువ ఇస్తాడు? మళ్ళీ చూశాడు. ఎనిమిదే. ఎటునుంచి చూసినా ఎనిమిదే. భూతం ఈసారి నిజమే ఇచ్చి ఉంటే, తప్పన్న మరుక్షణం తానూ గోతాంలో పడతాడు. భూతం మెడ ముందుకు చాచి, చెవుల పళ్ళేలు ఊపుతూ, ఏమంటారు దొరగారూ అని నవ్వింది. చెమట అతని నామాన్ని ముక్కుమీదికి దింపింది. వంశం, శౌర్యం, చదివిన ధనుర్వేదం అన్నీ ఒకవైపు. ముందుపళ్ళు లేని పిల్ల ఒకవైపు.

పిల్ల ముఖంలో సందేహం లేదు. విసుగు మాత్రం ఉంది.

"ఒక కాసు ఎక్కువ ఇచ్చావు," అన్నాడు చండకేతుడు. "తీసుకో."

చూపుమీది పొర చిరిగినట్టయింది. అరచేతిలో తొమ్మిది కాసులు. భూతం నోరు తెరిచింది, మూయలేకపోయింది. ఇంతకాలం మింగిన నాణేలన్నీ లోపలినుంచి తోసుకొచ్చి బొజ్జ పగిలింది. చెవులు రెండూ దొర్లుకుంటూ అగడ్తలో పడ్డాయి. రాగితలుపులు మూలుగుతూ తెరుచుకున్నాయి. ముక్కుకారేది అన్న మాటకు బదులుగా నాంచారి దాని విరిగిన కాలిని ఒక తన్ను తన్నింది.

గోతాం మూతికి మాత్రం పిశంగుడి ముడి అలాగే ఉంది. చండకేతుడు బాకు దూసేలోగా ఆకాశం నల్లబడింది. ఈక మోసిన కబురు అందింది. రాగిరెక్కల గద్దనెక్కి పిశంగుడు ఈలవేస్తూ దిగాడు. పసుపుపచ్చని గడ్డం, నిప్పుకణికల కళ్ళు. గద్ద గోళ్ళతో గోతాన్ని తన్నుకుని లేచింది. చండకేతుడు నాంచారిని గుర్రంమీదికి విసిరి, దాని పిర్రమీద ఒక చరుపు చరిచి పల్లెదారి పట్టించాడు. మరుక్షణం ఎగిరి గద్ద కాలు పట్టుకున్నాడు.

కోట కింద పళ్ళెమంతయింది. చండకేతుడు ఒక చేత్తో వేలాడుతూ రెండో చేత్తో బాకు దూసి గోతాం అడుగు చీరాడు. కాసులు ఎర్రని వానలా కురిశాయి. నేల తాకిన ప్రతి కాసూ ఒక మనిషై లేచి ఒళ్ళు దులుపుకుంది. వీరులు, బేరగాళ్ళు, బాటసారులు. కుండలకావడి భుజాన ఉన్నవాడొకడు అటూఇటూ చూసి, పల్లెవైపు పరుగుతీశాడు. బరువు తగ్గిన గద్ద బాణంలా మేఘాల్లోకి దూసుకుపోయింది.

పిశంగుడు కిందికి వంగి చూశాడు. అతని ముఖంలో కోపంకంటే కుతూహలమే ఎక్కువగా ఉంది. "నా భూతాన్ని గెలిచిన గణకుడెవరు? ఏ ఋషి? ఏ గంధర్వుడు?"

నాంచారి పేరు చండకేతుడి నాలుకదాకా వచ్చింది. కింద గుర్రం ఇంకా పల్లె చేరలేదు. ఆ పేరు చెబితే గద్ద వెనక్కి తిరుగుతుంది.

"నేనే," అన్నాడు.

మాంత్రికుడు ఇట్టే నమ్మాడు. ఒక పిల్ల అనే ఊహే వాడికి రాలేదు. సంతోషంతో గడ్డం నిమురుకున్నాడు. తన ఖజానాకు లెక్కరాసే రాక్షసుడు ఒక తప్పు చేశాడనీ, వాణ్ణి నిన్ననే గద్దకు మేత వేశాననీ, సరైన గణకుడి కోసమే వెతుకుతున్నాననీ చెప్పాడు.

గద్ద మేఘాలపైన వేరొక కొండశిఖరాన ఒక బిలంలోకి దిగింది. లోపల వరహాలు గుట్టలు, రూకలు తిప్పలు, కాసులు ఇసుకదిబ్బలు. వాటి నడుమ ఇనుపపంజరంలో సౌగంధి నిలబడి ఉంది. ఆమె మెడమీద ఒక కత్తి దారానికి వేలాడుతోంది.

"దీపాలు పెట్టేలోగా మొత్తం ఎంతో చెప్పు," అన్నాడు పిశంగుడు. "ఒక్క కాసు తేడా వచ్చిందా, దారం తెగుతుంది."

చెప్పి, బిలం మూసి వెళ్ళిపోయాడు. సౌగంధి అన్నను చూసింది. అన్నకు లెక్క రాదని ఈ భూమిమీద అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. కళ్ళు మూసుకుంది.

చండకేతుడు ఉత్తరీయం నేలమీద పరిచి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పది రాగికాసులు ఏరి ఒక వరసగా పేర్చాడు. రెండో వరసకు చెయ్యి చాచేసరికి, గుట్ట అవతల ఎవరో అతనితోపాటే మెల్లగా లెక్కపెడుతున్న చప్పుడు వినిపించింది. బడి దూలంమీద ఎక్కం చెప్పిన గొంతే అది.